నాన్నగారి పాదాలు

ఈ చలికాలం ఇండియా నుంచి అమ్మానాన్నలు మీ ఇంటికి వచ్చి ఉంటే, షుగర్ ఉన్నవాళ్ళ పాదాలు ఒకసారి చూడండి.

మా నాన్నగారు కాల్గరీ వచ్చిన మొదటి జనవరిలో కాళ్ళు చల్లగా ఉన్నాయని హీటర్ దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. బొబ్బ లేచి చితికినా ఆయనకు తెలియలేదు. సాక్సు తడిగా ఉంటే నేనే చూశాను. షుగర్ ఏళ్ళ తరబడి ఉంటే నరాలు దెబ్బతిని పాదాలకు స్పర్శ తగ్గుతుంది. వేడి, చలి, బూటు కరవడం, ఏదీ తెలియదు.

రోజూ గోరువెచ్చని నీళ్ళతో కడగండి. వేడి ఎంతో మీ మోచేతితో చూడండి, వాళ్ళ పాదంతో కాదు. వేళ్ళ సందులు పొడిగా తుడవండి. హీటర్ గాలికి మడమలు పగులుతాయి, క్రీము రాయండి. సందుల్లో మాత్రం వద్దు, తడి నిలిచి చర్మం నానిపోతుంది. మంచుకు తడిసిన సాక్సులు వెంటనే మార్చండి.

అరికాలు వాళ్ళు వంగి చూసుకోలేరు. నేను కాళ్ళ దగ్గర కూర్చుంటే నాన్నగారు ఒప్పుకోలేదు. పేతురు కూడా ముందు వద్దన్నాడు కదా అంటే నవ్వి కాలు చాపారు.

పుండు, వాపు, రంగు మారడం కనిపిస్తే డాక్టరుకు చూపించండి. అల్బర్టా, ఒంటారియోలలో 811కి రాత్రయినా ఫోన్ చేసి నర్సుతో మాట్లాడవచ్చు. ఇక్కడ వైద్యానికి మీకు ఖర్చవుతుందని వాళ్ళు దాచిపెడతారు. అడిగి ఊరుకోకుండా సాక్సు విప్పి చూడండి.