పాత సైనిక రేడియో నేర్పిన పాఠము



గడచిన వేసవి సెలవులకు ముందు, చివరి శనివారమునాడు మా పాఠశాల సామాను గదిని ఖాళీ చేయించుచుంటిమి. విరిగిన బల్లల వెనుకనుండి నల్లరంగు పూసిన లోహపు పెట్టె యొకటి బయటపడెను. ముందువైపున త్రిప్పుటకు ఒక మర, దానికి పైగా అంకెలు కనబడు చిన్న కిటికీ, చుట్టును కొన్ని మీటలు కలవు. చాల ఏండ్ల క్రిందట ఒక పూర్వవిద్యార్థి కుటుంబమువారు దానిని బడికి ఇచ్చియుండిరి. గుజరీ వ్యాపారి దానిని త్రాసులో పెట్టి తూచి, పాత ఇనుము ధర చెప్పెను. మేము సరేయనబోవుచుండగా ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ముందుకు వచ్చి, “సార్, అమ్మేసే ముందు లోపల ఏముందో ఒకసారి చూపిస్తారా?” అని అడిగెను.

లోపల ఏమున్నదో మాకు తెలియదు. ముప్పది ఏండ్లుగా ఉపాధ్యాయ వృత్తిలో నున్న మాకు ఆ క్షణమున సిగ్గు కలిగినది. ఆనాటికి అమ్మకము ఆపితిమి. ఆ బాలిక ప్రశ్నకు పిదప మేము నేర్చుకొనిన సమాధానమే ఈ వ్యాసము.

ఆ పెట్టె ఏది?

పెట్టెకు అంటించిన రేకుమీద “బి.సి.-348” అని చెక్కియున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యము తన బాంబు విమానములందును, రవాణా విమానములందును అమర్చిన హ్రస్వతరంగ రేడియో గ్రాహకమిది. దీనిలో 8 వాల్వులు గలవు. 200 నుండి 500 కిలోహెర్ట్జుల వరకును, 1.5 నుండి 18 మెగాహెర్ట్జుల వరకును గల తరంగములను ఆరు భాగములుగా విభజించి ఇది వినిపించును. విమానములోని 28 వోల్టుల విద్యుత్తును గ్రహించి, వాల్వులకు కావలసిన 200 వోల్టులకు మించిన విద్యుత్తుగా మార్చుటకు లోపల డైనమోటరు అను చిన్న యంత్రము ఉండెడిది. బ్రిటిషు బాంబు విమానములలో ఇట్టి పనికే ఆర్.1155 అను గ్రాహకమును వాడిరి. యుద్ధము ముగిసిన పిదప ఇటువంటివి వేలకొలదిగా మిగులు సామాను క్రింద చౌకగా అమ్ముడుపోయినవి. అనేక దేశములలో రేడియో విద్యపై మక్కువ గల యువకులు వానిని కొని, విప్పి, మరల బిగించి, ఆ విద్యను అభ్యసించిరి.

ఇట్టి యంత్రములకు మన ప్రాంతముతో గల సంబంధమును పిల్లలు తప్పక తెలిసికొనవలెను. మన కె.ఆర్.పురమునకు దక్షిణమున కొద్ది మైళ్ల దూరములో నున్న హిందుస్థాన్ విమాన కర్మాగారము 1940లో స్థాపింపబడినది. 1943 నుండి యుద్ధాంతము వరకు అది అమెరికా విమానదళమువారి ఆధీనమున నుండి, వారి విమానములను బాగుచేయు కేంద్రముగా పనిచేసెను. యుద్ధానంతరము కాన్పూరువద్ద లిబరేటరు అను పెద్ద బాంబు విమానములు ఎగురుటకు పనికిరాకుండ చెడగొట్టబడి వదలివేయబడినవి. 1948 మొదలుకొని ఈ కర్మాగారపు పనివారు వానిలో సుమారు 40 విమానములను మరల ఎగురునట్లు చేసిరి. మన వైమానికదళము వానిని 1968 వరకు వాడుకొనెను. ఇతరులు తుక్కుగా వదలినది తెలిసిన చేతులలో పడి ఇరువది ఏండ్లు దేశమునకు సేవ చేసినదన్నమాట.

ఆ 1948లోనే మన ఊరి ప్రక్కన, నేడు దూరవాణినగరమనబడు చోట, ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ వెలసినది. 1954లో జాలహళ్లియందు భారత్ ఎలక్ట్రానిక్స్ స్థాపితమై, ఫ్రాన్సు దేశపు సంస్థ యొక్క సహకారముతో 1956 నుండి సైన్యమునకు వార్తాప్రసార సాధనములను తయారుచేయసాగినది. 1961 నాటికి రేడియో వాల్వులు సైతము అచ్చటనే తయారైనవి. పరదేశపు మిగులు సామానును విప్పి చూచుటతో మొదలైన విద్య పదునైదు ఏండ్లలోపల స్వంతముగా తయారుచేయు స్థితికి చేరినది.

అది పనిచేయు విధము

వాల్వు అనగా గాలి తీసివేసిన గొట్టము. లోపలి తీగ ఎఱ్ఱగా కాగినపుడు దాని చెంతనున్న పూతనుండి ఎలక్ట్రానులు వెలువడి, ఎదుటనున్న పలకను చేరును. 1904లో ఇంగ్లండునందు ఫ్లెమింగ్ ఇట్టి రెండు భాగముల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికాయందు డి ఫారెస్ట్ ఆ రెంటి నడుమ జల్లెడవంటి మూడవ భాగమును చేర్చెను. దానికి గ్రిడ్డు అని పేరు. చెరువు తూమును ఒక చిన్న పిల్లవాడు కొంచెము త్రిప్పినను కాలువలో పారు నీరు ఎంతగానో పెరుగును, తరుగును. అట్లే గ్రిడ్డుమీద పడు అల్పమైన విద్యుత్తు పలకను చేరు పెద్ద ప్రవాహమును శాసించును. సముద్రములు దాటివచ్చిన అతి క్షీణమైన సంకేతము చెవికి వినబడునంతటి ధ్వనిగా మారుటలోని రహస్యమిదియే.

1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ అను ఇంజనీరు కనిపెట్టిన సూపర్ హెటెరొడైన్ పద్ధతి ఈ పెట్టెయందు కలదు. వేర్వేరు రాజ్యముల నాణెములు తన యెదుటికి వచ్చినపుడు షరాబు వానినన్నిటిని ఒక్క నాణెములోనికి మార్చి లెక్కకట్టును గదా! ఈ గ్రాహకము కూడ వచ్చిన తరంగమును దేనినైనను మొదట ఒక నిర్ణీత పౌనఃపున్యమునకు మార్చి, పిదప శ్రద్ధగా వడపోసి పెంచును. అందుచేతనే ప్రక్క ప్రక్కనే యున్న రెండు కేంద్రముల మాటలు కలగాపులగము కాకుండ విడివిడిగా వినబడును.

ఇక హ్రస్వతరంగములు భూగోళపు వంపును దాటి ఎట్లు వచ్చుచున్నవి? ఆకాశమున చాల ఎత్తులో సూర్యకిరణముల వలన విద్యుత్కణములతో నిండిన పొరలు గలవు. వానికే అయనావరణమని పేరు. అవి ఈ తరంగములను వంచి మరల భూమిపైకి పంపును. ఇట్టి పొర యుండవలెనని 1902లో కెన్నెలీ, హెవీసైడ్ అనువారు ఊహించిరి. 1924లో ఆపిల్‌టన్ ప్రయోగముచే దానిని నిరూపించి, 1947లో నోబెల్ బహుమానమందెను. మన దేశమున కలకత్తాలో శిశిరకుమార మిత్ర, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావు ఈ శాస్త్రమునందు కృషిచేసిన ప్రముఖులు. పగటివేళ తరంగశక్తిని మ్రింగివేయు క్రింది పొర ప్రొద్దు గ్రుంకిన పిదప సన్నగిల్లును. అందుచేత తక్కువ మెగాహెర్ట్జుల తరంగములు రాత్రివేళ దూరము పోవును. రాత్రి భోజనముల వేళ దూరపు స్టేషనులు మన పెద్దలకు బాగుగా వినబడుటకు కారణమిదియే.

గాలిలో వచ్చిన తెలుగు

మా తండ్రిగారు దూరవాణినగరమున ఉద్యోగమునకై వచ్చి ఇచ్చట స్థిరపడిరి. మా ఇంట సైనిక గ్రాహకము లేదు. చెక్కపెట్టెలో అమర్చిన సాధారణమైన వాల్వు రేడియో యుండెడిది. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టి, ఆ చిన్న పుస్తకమును భద్రముగా దాచెడివారు. మీట త్రిప్పినంతనే అది పలుకదు. ముందు లోపల నారింజరంగు వెలుగు కనబడును, పిదప గుఱ్ఱుమను చప్పుడు, ఆ తరువాత మాట. ఆ అరనిమిషము ఇంటిల్లిపాది ఊపిరి బిగబట్టి వేచియుండెడివారము.

మదరాసు రేడియో కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ప్రారంభమైనవి. హైదరాబాదు కేంద్రము 4800 కిలోహెర్ట్జుల హ్రస్వతరంగముపై వినబడెడిది. కొలంబోనుండి రేడియో సిలోను తెలుగు పాటలు వినిపించెడిది. యుద్ధకాలమున మిత్రరాజ్యముల సైనికులకై పెట్టిన ప్రసార కేంద్రము యుద్ధానంతరము ఆ రేడియో సిలోనునకు దక్కినది. సైన్యము విడిచిపోయిన యంత్రములనుండి మన ఇండ్లకు పాటలు వచ్చినవి. శబ్దము అలవలె పెరుగుచు, తరుగుచు ఉండగా మా తండ్రిగారు వ్రేలెత్తి మమ్ము నిశ్శబ్దముగా నుండుమని చెప్పెడివారు. కన్నడము, తమిళము మాటలాడు ఇరుగుపొరుగువారును వచ్చి గడపలో కూర్చుండి వినెడివారు. స్వంత రాష్ట్రమునకు వెలుపల నున్న మాకు మా భాష గాలిలో వెదకికొని తెచ్చుకొనవలసిన వస్తువు. వెదకి తెచ్చుకొనినది గనుకనే ఒక్క మాట కూడ పోనీయక వినెడివారము.

పెట్టె తెరచిన నాడు

ఆ బాలిక యొక్క తాతగారు టెలిఫోను కర్మాగారమున పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు. మేము కబురు పంపగా స్క్రూడ్రైవర్లు, మీటరు, టంకము వేయు కడ్డీ సంచిలో వేసికొని వచ్చిరి. మూత తీయకముందే మనుమరాలితో, “ఒక చెయ్యి జేబులో పెట్టుకో తల్లీ. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు గుండెలోంచి పోతుంది” అనిరి. మీట కట్టివేసిన పిదప కూడ కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండునని చెప్పి, దానిని ఎట్లు దింపవలెనో చూపిరి. ఇదివరలోనే ఎవరో డైనమోటరు తీసివేసి, ఇంటి కరెంటుతో నడచునట్లు మార్చియుండిరి. కాగితపు కండెన్సర్లు రెండు చెడియుండెను, రబ్బరు తొడుగులు పొడియై రాలుచుండెను. వారు ఒక్కొక తీగను మార్చుచు, అది ఎచ్చటినుండి ఎచ్చటికి పోవుచున్నదో బాలికచేతనే చెప్పించిరి. నీరసించిన 6కె7 వాల్వునకు బదులు తమ ఇంట డబ్బాలో దాచుకొనిన వాల్వును తెచ్చి అమర్చిరి. ఈ పనికి మూడు శనివారములు పట్టెను.

మూడవ శనివారము సాయంకాలము వరండాకు అడ్డముగా ఏరియల్ తీగ కట్టితిమి. పెట్టె పలికెను. చైనీయుల భాషవలె తోచిన మాటలు, తరువాత ఏదో సంగీతము వినబడెను. పిల్లలు కేరింతలు కొట్టిరి. ఆ బాలిక తాతగారిని, “తెలుగు ఎక్కడ వస్తుంది?” అని అడిగెను. వారు మర త్రిప్పి 4.8 అంకెవద్ద ఆపిరి. అచ్చట గాలిహోరు తప్ప మరేమియు లేదు. వారు కొంతసేపు ఊరకుండి, “ఇక్కడే వచ్చేది” అనిరి.

హ్రస్వతరంగ ప్రసారములు చాల దేశములలో తగ్గిపోయినవి. బి.బి.సి. హిందీ రేడియో 2020 జనవరితో ఆగిపోయినది. దానికి మనము విచారించి ప్రయోజనము లేదు. నేడు పాటలు చరవాణిలో కోరినంతనే వచ్చుచున్నవి. మమ్ము కలవరపెట్టినది వేరొకటి. ఆ తాతగారికి తెలిసిన విద్య ఏ పుస్తకములోను ఆ రూపమున లేదు. ఆయన చేతులలోను, ఆయన పలుకు తెలుగులోను ఉన్నది. మన వీధులలో అట్టి పెద్దలు ఇంకను ఉన్నారు. వారు ఊరకుండిన యెడల 4.8 అంకెవలె వారి చోటును మూగవోవును. చరవాణిని విప్పిన పిల్లవానికి నల్లని చిప్పు తప్ప మరేమియు కనబడదు. ఈ పెట్టెలో ప్రతి భాగమును వ్రేలితో తాకి, పేరు పెట్టి పిలువవచ్చును. పిల్లలకు చేతితో చూపగల పాఠము ఇంతకంటె మంచిది మాకు దొరకలేదు.

తల్లిదండ్రులకు మనవి

ఆ పెట్టెను అమ్మవలెనా, ప్రయోగశాలలో నుంచవలెనా అను విషయము సంఘ కార్యవర్గపు రాబోవు సమావేశమున చర్చకు రానున్నది. ఉంచవలెనని మా అభిప్రాయము. మీ అభిప్రాయమును వ్రాసి పంపుడు. మీ ఇంట కర్మాగారములలో పనిచేసిన పెద్దలున్నచో, నెలకు ఒక్క శనివారమైనను వారిని బడికి పంపుడు. ఇంటిలో పాత రేడియో యున్నచో తూకమునకు అమ్మక ముందు మాకు తెలియజేయుడు. అయితే, తెలిసిన పెద్దలు దగ్గర లేనిదే పిల్లలను దానిని తెరవనీయకుడు; దానిలోని విద్యుత్తు ప్రాణాపాయకరము.

ఇంటివద్ద పిల్లలచే ఈ చిన్న లెక్క చేయింపుడు. 300ను మెగాహెర్ట్జులచే భాగించిన తరంగపు పొడవు మీటర్లలో వచ్చును. 4.8 మెగాహెర్ట్జులకు 62.5 మీటర్లు. అట్లయిన 12 మెగాహెర్ట్జులకు ఎంత? 7.2కు ఎంత? లెక్క ముగిసిన పిదప ఇంటి పెద్దలను, ఆ కాలమున తాము రేడియోలో ఏమి వినెడివారో చెప్పుమని అడిగింపుడు. వారు చెప్పినది పిల్లలు తెలుగులో ఒక పుట వ్రాసి తెచ్చినచో మేము సంతోషముతో దిద్దెదము.