ఉష్ణం + ఉగ్రత: సంధి విడదీస్తే సగం పాఠం అయిపోయినట్టే

తెలుగులో "వేడి" అనే మాట ఒక్కటే, కానీ దానితో మనం చేయించుకునే పనులు చాలా. కాఫీ వేడిగా ఉంటుంది. ఒళ్లు వేడిగా ఉందంటే జ్వరం. మామిడిపళ్లు ఎక్కువ తింటే వేడి చేస్తుందని అమ్మమ్మలు అంటారు. టీవీలో చర్చ కూడా వేడెక్కుతుంది. రోజువారీ మాటలకి ఇది చాలు. సైన్సు పుస్తకం తెరవగానే మాత్రం ఈ ఒక్క మాట రెండుగా చీలిపోతుంది: ఉష్ణం, ఉష్ణోగ్రత. మనం చదువుకున్న పేర్లలో చెప్పాలంటే హీట్, టెంపరేచర్.

మన కాలేజీలో చాలామంది వీకెండ్స్‌లో దగ్గర్లోని గవర్నమెంట్ స్కూలుకి వెళ్లి పాఠాలు చెప్తున్నారు. ఇంకొందరికి ఇంట్లోనే ఏడో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటారు. ఈ వ్యాసం వాళ్ల కోసం. మనలో ఎక్కువమందిమి ఇంగ్లిష్ మీడియం. ఫార్ములా అడిగితే టక్కున చెప్పేస్తాం. కానీ ఎదురుగా కూర్చున్న పిల్లకి ఫార్ములా అక్కర్లేదు. "రెండూ ఒకటే కదా అన్నా?" అన్న ప్రశ్నకి జవాబు కావాలి, అదీ తనకి అర్థమయ్యే తెలుగులో. ఆ జవాబు ఎలా చెప్పొచ్చో చూద్దాం.

పేరులోనే ఉంది

తెలుగు పీరియడ్‌లో గుణసంధి అందరం చదివాం. పర + ఉపకారం = పరోపకారం. అదే సూత్రంతో ఉష్ణోగ్రతని విడదీయండి: ఉష్ణ + ఉగ్రత. ఉగ్రత అంటే తీవ్రత. అంటే ఉష్ణోగ్రత అనేది "ఎంత వేడి ఉంది" అని చెప్పదు, "ఎంత తీవ్రంగా ఉంది" అని చెప్తుంది. ఇంగ్లిష్‌లో టెంపరేచర్ అన్న మాట విని పిల్లలు ఈ సంగతి పట్టుకోలేరు. తెలుగు మాటలో అది ఎదురుగానే ఉంది.

ఈ పాఠంలో ఇంకో రెండు పెద్ద మాటలు వస్తాయి: విశిష్టోష్ణం, గుప్తోష్ణం. అవి కూడా గుణసంధులే. వాటినీ ఒక్కొక్కటిగా విడదీద్దాం.

బకెట్టు, గ్లాసు

తీవ్రత వేరు, మొత్తం వేరు అని చూపించడానికి స్నానానికి పెట్టే వాటర్ హీటర్ రాడ్డు మంచి ఉదాహరణ. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి సుమారు 4.2 జూళ్ల శక్తి కావాలి. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒక గ్లాసులో 250 మిల్లీలీటర్ల నీళ్లు. వాటిని 25 డిగ్రీల సెల్సియస్ నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేద్దాం. కావల్సింది 250 × 4.2 × 75, అంటే సుమారు 79 వేల జూళ్లు.

ఒక బకెట్లో 15 లీటర్ల నీళ్లు. వాటిని 25 నుంచి 45 డిగ్రీలకి తెద్దాం, స్నానానికి సరిపోయేంత. కావల్సింది 15,000 × 4.2 × 20, అంటే 12 లక్షల 60 వేల జూళ్లు.

గ్లాసు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. బకెట్టు గోరువెచ్చగా హాయిగా ఉంటుంది. కానీ బకెట్టుకి మనం ఇచ్చిన ఉష్ణం గ్లాసుకి ఇచ్చినదానికి 16 రెట్లు. ఉగ్రత గ్లాసులో ఎక్కువ, ఇచ్చిన ఉష్ణం బకెట్టుకి ఎక్కువ. 1500 వాట్ల రాడ్డు అంటే సెకనుకి 1500 జూళ్లు ఇస్తుంది. ఆ లెక్కన బకెట్టుకి 14 నిమిషాలు పడుతుంది, గ్లాసుకైతే ఒక నిమిషం కూడా పట్టదు. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి. గుణకారాలు తప్ప ఇందులో ఏమీ లేదు.

సగటు, మొత్తం

ఇప్పుడు అసలు ప్రశ్న. 30 డిగ్రీల నీళ్లు ఒక గ్లాసు, 30 డిగ్రీల నీళ్లు ఇంకో గ్లాసు. రెండూ ఒక చెంబులో పోస్తే ఎన్ని డిగ్రీలు? క్లాసులో కనీసం ఇద్దరు "అరవై" అంటారు. అనాలి కూడా, ఎందుకంటే పాఠం అక్కడే మొదలవుతుంది.

ఇలా చెప్పి చూడండి. ఏ సెక్షన్ సగటు 30 మార్కులు. బి సెక్షన్ సగటు కూడా 30. రెండు సెక్షన్లనీ ఒకే గదిలో కూర్చోబెడితే సగటు 60 అవుతుందా? అవదు, 30 దగ్గరే ఉంటుంది. పెరిగేది మార్కుల మొత్తం. ఉష్ణోగ్రత కూడా ఇలాంటి సగటే. నీటిలో అణువులు ఎప్పుడూ కదులుతూ, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటాయి. ఒక్కో అణువు కదలికలో సగటున ఎంత శక్తి ఉందో ఉష్ణోగ్రత చెప్తుంది. అణువుల సంఖ్య పెరిగినంత మాత్రాన సగటు మారదు.

సగటుల్లో తేడా ఉంటే? 60 డిగ్రీల గ్లాసు, 30 డిగ్రీల గ్లాసు కలిపితే సుమారు 45 దగ్గర ఆగుతుంది. వేణ్ణీళ్లకి చన్నీళ్లు తోడు అంటే ఇదే. వేడి నీళ్లు పోగొట్టుకున్నది చన్నీళ్లకి చేరింది. అలా ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లే శక్తికే ఉష్ణం అని పేరు. వస్తువు లోపల ఉన్న మొత్తాన్ని అంతర్గత శక్తి అంటారు. యూపీఐ వాడే పిల్లలకి ఇది తేలిగ్గా ఎక్కుతుంది: అకౌంట్లో ఉన్నది బ్యాలెన్స్, ఒకరి నుంచి ఒకరికి వెళ్లింది ట్రాన్స్‌ఫర్. ఉష్ణం ట్రాన్స్‌ఫర్ లాంటిది.

దీపావళికి కాల్చే కాకరపువ్వొత్తి ఇంకో మంచి ఉదాహరణ. దాని నుంచి ఎగిరే నిప్పురవ్వల ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలకి పైనే ఉంటుంది. అయినా ఒక రవ్వ చేతిమీద పడితే చురుక్కుమంటుంది, అంతే. రవ్వలో ఉన్న పదార్థం చాలా కొంచెం, అందుకే అది ఇవ్వగలిగే ఉష్ణం కూడా కొంచెమే. ఆ కడ్డీని ముట్టుకుంటే మాత్రం బొబ్బ ఖాయం. ఈ మాట పిల్లలకి తప్పకుండా చెప్పండి.

మన బ్రాంచి వాళ్లకి ల్యాప్‌టాప్ ఉండనే ఉంది. స్క్రీన్ మీద ప్రాసెసర్ 85 డిగ్రీలు అని కనిపిస్తే అది ఉగ్రత. ప్రాసెసర్ 45 వాట్లు అంటే, అది సెకనుకి 45 జూళ్ల ఉష్ణం వదుల్తోందని. ఫ్యాను పని ఆ ఉష్ణాన్ని బయటికి తోసెయ్యడం. అది సరిగ్గా జరక్కపోతే ఉష్ణోగ్రత పెరుగుతుంది.

విశిష్ట + ఉష్ణం

మధ్యాహ్నం విశాఖ బీచ్‌లో చెప్పులు లేకుండా నడిస్తే ఇసుక కాళ్లని కాల్చేస్తుంది. పది అడుగులు వేసి నీళ్లలోకి దిగితే చల్లగా ఉంటుంది. రెండింటి మీదా పడేది ఒకే ఎండ. మరి తేడా ఎందుకు?

ఒక్కో పదార్థానికి ఒక్కో ఆకలి అనుకోండి. ఒక గ్రాము పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత ఉష్ణం తినాలో అదే దాని విశిష్టోష్ణం. విశిష్టం అంటే దానికే ప్రత్యేకమైనది అని. నీటికి 4.2 జూళ్లు. ఇసుకకి ఇందులో సుమారు ఐదో వంతు చాలు. ఇనుముకి సుమారు తొమ్మిదో వంతు. వంటనూనెకి దాదాపు సగం. అందుకే బాణలిలో నూనె త్వరగా కాగుతుంది, ఎసరు మాత్రం తెగ సతాయిస్తుంది. సముద్రం విషయంలో ఇంకో రెండు కారణాలు కూడా కలుస్తాయి. ఎండ నీటి లోపలికి దిగి పంచుకుపోతుంది, కొంత నీరు ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది. ఇసుకలో ఎండ పైపొర దగ్గరే ఆగిపోతుంది.

గుప్త + ఉష్ణం

స్టవ్ మీద నీళ్లు మరుగుతున్నాయి. అందులో థర్మామీటరు పెడితే 100 డిగ్రీలు. మంట పెద్దది చేస్తే? అప్పుడూ 100 డిగ్రీలే. మరి ఇస్తున్న ఉష్ణమంతా ఏమైపోతోంది?

నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించి వాటిని ఆవిరిగా పంపడానికే ఆ శక్తి ఖర్చవుతుంది. థర్మామీటరుకి కనపడకుండా దాక్కున్న ఉష్ణం కాబట్టి దీన్ని గుప్తోష్ణం అన్నారు. 1760ల్లో స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త ఈ విషయం తేల్చాడు. ఉష్ణం, ఉష్ణోగ్రత వేరు వేరు అని స్పష్టంగా చూపించిన తొలివాళ్లలో ఆయన ఒకడు.

లెక్క చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 30 డిగ్రీల నీరు ఒక గ్రాము 100 డిగ్రీలకి రావాలంటే 294 జూళ్లు. అదే గ్రాము 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావాలంటే సుమారు 2260 జూళ్లు! అందుకే నీళ్లు మరిగాక మంట తగ్గించినా అన్నం ఉడుకుతుంది. పెద్ద మంట పెడితే ఆవిరి ఎక్కువ పోతుంది, గ్యాసు అవుతుంది, ఉష్ణోగ్రత మాత్రం పెరగదు. అది పెరగాలంటే పీడనం పెంచాలి. కుక్కర్ చేసే పని అదే. లోపల పీడనం బయటికంటే సుమారు రెట్టింపవుతుంది, నీళ్లు 120 డిగ్రీల దగ్గర గాని మరగవు, పప్పు త్వరగా ఉడుకుతుంది.

వంటింట్లో పనికొచ్చే జాగ్రత్త కూడా ఇక్కడే ఉంది. మరిగే నీళ్లు ఒక గ్రాము ఒంటిమీద పడితే, అది ఒంటి వేడికి చల్లారేలోపు సుమారు 265 జూళ్లు ఇస్తుంది. 100 డిగ్రీల ఆవిరి ఒక గ్రాము తగిలితే, అది ముందు నీరుగా మారుతూ 2260 జూళ్లు వదిలి, తర్వాత ఆ 265 కూడా ఇస్తుంది. మొత్తం తొమ్మిది రెట్లకి పైనే. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు మొహం పక్కకి పెట్టమని అమ్మ అనేది ఇందుకే.

కుండ, చెమట, ఉక్కపోత

నీరు ఆవిరవ్వడానికి 100 డిగ్రీలు రావక్కర్లేదు. తడి బట్టలు నీడలో కూడా ఆరతాయి కదా. దీన్ని బాష్పీభవనం అంటారు. ఇక్కడ భవనం అంటే బిల్డింగ్ కాదు, "అవడం". బాష్పం అవడం, అంతే. ద్రవీభవనం, ఘనీభవనం కూడా ఇలాగే. ఈ ఒక్క ముక్క చెప్తే మూడు మాటలు బట్టీ పట్టే పని తప్పుతుంది.

మట్టికుండ సన్నని రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరవ్వడానికి కావల్సిన గుప్తోష్ణాన్ని కుండ నుంచి, లోపలి నీటి నుంచి లాక్కుంటుంది. మన చెమట కూడా అదే పని చేస్తుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఒంటిమీదే ఆరితే సుమారు 24 లక్షల జూళ్లు తీసుకుపోతుంది. ఇందాకటి రాడ్డు దాదాపు 27 నిమిషాల్లో ఇచ్చే ఉష్ణం అది.

కానీ చెమట ఆరాలి. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఆరదు, కారిపోతుంది. కారిపోయిన చెమటతో ఒళ్లు చల్లబడదు. కోస్తాలో ఉక్కపోత అంటే ఇదే. అందుకే పొడి ఎండ కాసే ఊళ్లకంటే అక్కడ ఉష్ణోగ్రత తక్కువ చూపించినా ఒంటికి కష్టం ఎక్కువ కావచ్చు. ఫోన్‌లో 38 అని చూసి "ఫర్వాలేదు" అనుకోవడానికి లేదు. 2015 మే నెల వడగాలులకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యిమందికి పైగానే చనిపోయారు. పొలంలో, కూలిపనిలో, ఎండలో ఉండే అమ్మానాన్నల పిల్లలే మనం పాఠం చెప్పే క్లాసుల్లో చాలామంది ఉంటారు. వాళ్లకి ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాకూడదు.

క్లాసులో ఇలా చెయ్యండి

ల్యాబ్‌లో ఉండే గాజు థర్మామీటర్లు రెండు తీసుకోండి. ఎర్ర ద్రవం ఉన్నవి అయితే మంచిది, పగిలినా పాదరసం భయం ఉండదు. ఒకదాని బల్బుకి తడి గుడ్డ చుట్టి, రెండింటినీ ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఉంచండి. తడిది తక్కువ చూపిస్తుంది. పొడి రోజున తేడా ఎక్కువ, ఉక్కపోత రోజున తేడా తక్కువ. పిల్లల్ని వారం రోజులు రాయమనండి. ఆ తడి థర్మామీటరే 35 డిగ్రీలు చూపిస్తే నీడలో కూర్చుని ఎంత చెమట పట్టినా ఒళ్లు చల్లబడదు. ఇంకా తక్కువ దగ్గరే ప్రమాదం మొదలవుతుంది కాబట్టి అంతదాకా ఆగకూడదని కూడా చెప్పండి.

చెప్పే వరుస గురించి ఒక్క మాట. ముందు బకెట్టు, గ్లాసు చూపించండి. తర్వాత తెలుగు మాట చెప్పి సంధి విడదీయించండి. ఇంగ్లిష్ పేరు చివర చెప్పండి. ఇప్పుడు చాలా స్కూలు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటున్నాయి. తెలుగు పేజీలో అర్థం పట్టుకున్న పిల్లకి ఎదురు పేజీ అంత భయం అనిపించదు.

వచ్చే సంచికలో ద్రవ్యరాశి, భారం. ఈలోపు ఒక ప్రశ్న: ఐసు నీళ్ల గ్లాసు బయట నీటిచుక్కలు పట్టేటప్పుడు, ఆ చుక్కల వల్ల లోపలి నీళ్లు ఇంకా చల్లబడతాయా, వేడెక్కుతాయా? జవాబుకి కావల్సిందంతా పైన ఉంది. ముందు మీ తమ్ముణ్ణో చెల్లెల్నో అడగండి.