హంపీ శిథిలములు

మన బళేపేట బెంగుళూరు పాతపేటలలో నొకటి. 1537లో ఈ పట్టణమునకు కోట కట్టించిన కెంపేగౌడ విజయనగర సామంతుడు. ఆ విజయనగరము తుంగభద్రా తీరమున, హంపీయందు నేడు శిథిలమై యున్నది.

1336లో స్థాపితమైన యా రాజధానినుండి కన్నడ తెలుగు ప్రజలను గలిపి యేలిన శ్రీకృష్ణదేవరాయలు తెలుగున ‘ఆముక్తమాల్యద’ను రచించెను. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున నళియ రామరాయలు మరణింపగా, శత్రుసేనలు నగరమును కొల్లగొట్టి తగులబెట్టెను. రాజభవనముల పైకట్టడము కొయ్యతో జేసినది గనుక కాలిపోయెను. రాతి పునాదులే మిగిలినవి.

అయినను నాటి కాలువలు కొన్ని నేటికిని అరటితోటలకు, వరిపొలములకు నీరిచ్చుచున్నవి. విరూపాక్షుని పూజయు సాగుచున్నది. హంపీకి బోయినపుడు రాతిరథముతోపాటు ఆ కాలువలను గూడ చూడుడు. ప్రజలకు నిత్యము పనికివచ్చినదానిని ప్రజలే కాపాడుకొనిరి.