ప్రశ్నలు - జవాబులు: దారి ఎక్కువ, టైము తక్కువ

ప్రశ్న: మా అమ్మాయి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటుంది. ఢిల్లీ నుంచి నాన్‌స్టాప్ టికెట్ పంపింది. జూన్‌లో ప్రయాణం. తెల్లవారుజామున 4కి ఎక్కితే అదే రోజు పొద్దున 7కి దిగుతామని ఉంది. మూడు గంటల్లో అమెరికానా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. 4 ఢిల్లీ గడియారం, 7 శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం. జూన్‌లో ఆ ఊరు మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. మూడుకు అది కలిపితే పదిహేనున్నర గంటల ప్రయాణం. రన్‌వే దాకా మెల్లగా పాకడం, దిగాక గేటు దాకా పాకడం కూడా అందులోనివే. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పుడు తేడా పదమూడున్నర. సంక్రాంతికి అమ్మాయికి ఫోన్ చేసేటప్పుడు ఈ లెక్కే పనికొస్తుంది.

ప్రశ్న: మ్యాపులో అమెరికాకు అట్లాంటిక్ మీదుగానే దారి కనిపిస్తుంది. మా అల్లుడేమో పసిఫిక్ మీదుగా వెళ్లానంటాడు. ఏది దగ్గర?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అల్లుడుగారి మాట నమ్మొచ్చు. కాకపోతే అసలు దగ్గర దారి ఆ రెండూ కావు.

గోడ మీది మ్యాపు వదిలేసి ఒక గుండ్రటి గుమ్మడికాయ తీసుకోండి. తొడిమే ఉత్తర ధ్రువం. నడుముకు కాస్త పైన, అటొకటి ఇటొకటి బొట్లు పెట్టి మధ్యలో దారం బిగించండి. అది నడుము చుట్టూ తిరగదు, తొడిమ వైపు ఎక్కుతుంది. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య అలాంటి దారం పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు. ఆర్కిటిక్ మీదుగా పోతుంది.

2016 అక్టోబరులో ఎయిరిండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ దారి నుంచి పసిఫిక్ దారికి మార్చింది. పాత దారి దాదాపు 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. అంత చుట్టు తిరిగీ పద్నాలుగున్నర గంటల్లో, అంటే మునుపటికన్నా ముందే చేరింది! అంతా గాలి మహిమ. తొమ్మిది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుల మధ్య పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి జోరుగా వీస్తుంది. గోదావరిలో వాలుకు పోయే పడవకూ, ఎదురెక్కే పడవకూ ఉన్నంత తేడా ఇక్కడా ఉంటుంది.

ప్రశ్న: భూమి తిరుగుతోంది కదా, విమానం గాల్లో ఆగితే ఊరే కిందికి రాదా?
- ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: రాదు. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది. రైల్లో కూర్చుని పైకెగరేసిన బంతి మళ్లీ మీ చేతిలోనే పడుతుంది కదా!

ప్రశ్న: తిరుగు ప్రయాణం ఏ దారిన?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గాలిని బట్టి, ఏ దేశం ఆకాశం తెరిచి ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి సహా నలుగురు మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపారు. సుమారు పదిహేడు గంటలు. 9వ తేదీ శనివారం రాత్రి ఎక్కినవాళ్లు 11వ తేదీ సోమవారం తెల్లవారుజామున దిగారు. ఆదివారం గాల్లోనే అయిపోయింది.