ఫైటర్, రోగ్, విజార్డ్: మీ టర్న్‌లో ఏం ఖర్చు పెడుతున్నారు?

బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్లకి డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్తేం కాదు. 2023లో వచ్చిన ఆ గేమ్ లోపల నడిచేవి ఐదో ఎడిషన్ రూల్సే, కొన్ని మార్పులతో. అదే ఆటని టేబుల్ మీద పాచికలతో ఆడేటప్పుడు కొత్తవాళ్లు క్లాస్‌ని ఫోన్ స్పెక్ షీట్ చూసినట్టు చూస్తారు: ఎవరి డ్యామేజ్ ఎక్కువ? నేనైతే ముందు చూసేది వేరు. ఈ టర్న్‌లో ఏం ఖర్చవుతోంది, అది మళ్లీ ఎప్పుడొస్తుంది?

2014 రూల్స్‌తో ముగ్గురినీ లెవెల్ 5లో పెడదాం. శత్రువు ఆర్మర్ క్లాస్ 15, మన అటాక్ బోనస్ +7. అంటే 20 ముఖాల పాచికపై 8 లేదా ఆపైన పడితే దెబ్బ తగులుతుంది, 65 శాతం ఛాన్స్.

ఫైటర్ కథ సింపుల్. గ్రేట్‌సోర్డ్‌తో దెబ్బకి సగటున 11, ఒక టర్న్‌లో రెండు దెబ్బలు. రెండూ తప్పే అవకాశం 12 శాతమే. యాక్షన్ సర్జ్ వాడితే నాలుగు దెబ్బలు. గంట షార్ట్ రెస్ట్ తీసుకుంటే అది తిరిగొచ్చేస్తుంది కాబట్టి ఫైనల్ బాస్ కోసం దాచుకోవడం దండగ.

నాకు ఎక్కువ నచ్చేది రోగ్. రేపియర్‌తో స్నీక్ అటాక్ పడితే సగటున 19, కానీ ఒక్కటే దెబ్బ. 35 శాతం సార్లు టర్న్ మొత్తం వృథా. అందుకే నేను రెండు షార్ట్‌సోర్డ్‌లు తీసుకోమంటాను. సగటు 18కి తగ్గుతుంది, పోయేది ఒక్క పాయింట్. మొదటి దెబ్బ తప్పితే బోనస్ యాక్షన్‌తో రెండో కత్తి వాడొచ్చు, దానికీ స్నీక్ అటాక్ వర్తిస్తుంది. రెండిట్లో ఒక్కటైనా తగిలే ఛాన్స్ 88 శాతం. మొదటిదే తగిలిందా? అదే బోనస్ యాక్షన్‌తో డిసెంగేజ్ చేసి జారుకోండి. పాచిక చూశాకే నిర్ణయం, అదీ మజా! ఒక్క షరతు: మీకు అడ్వాంటేజ్ ఉండాలి, లేదా శత్రువుకి 5 అడుగుల్లో మీవాడు ఒకడు నిలబడి ఉండాలి. ఫైటర్ ఎక్కడున్నాడో చూసుకోకుండా రోగ్ ఆడటం కుదరదు. (బాల్డర్స్ గేట్‌లో థీఫ్ సబ్‌క్లాస్‌కి రెండో బోనస్ యాక్షన్ ఇచ్చారు, అందుకే అక్కడ పొడిచి, దాక్కోవడం రెండూ అవుతాయి. టేబుల్ మీద ఆ సుఖం లేదు.)

విజార్డ్ దగ్గర బ్యాటరీ చిన్నది. మూడో లెవెల్ స్పెల్ స్లాట్‌లు రెండే, ఆర్కేన్ రికవరీతో రోజుకి ఇంకొకటి. ఫైర్‌బాల్ సగటున 28, సేవ్ చేసినవాళ్లకి సగం. ఒక్క శత్రువు మీద వేస్తే ఫైటర్ ఉచితంగా చేసే పనికి స్లాట్ తగలేసినట్టే. ముగ్గురు, నలుగురు గుంపుగా ఉంటే లెక్క మారిపోతుంది. అదే స్లాట్‌తో హిప్నోటిక్ ప్యాటర్న్ వేస్తే, సేవ్ తప్పినవాళ్లు నిమిషం దాకా, అంటే పది రౌండ్లు, కదల్లేరు. కానీ దెబ్బ తగిలినవాడు వెంటనే మేల్కొంటాడు. రెండు స్పెల్స్‌కీ మనవాడు, పరాయివాడు అన్న తేడా లేదు, 20 అడుగుల వ్యాసార్థంలో పేలే మంటలో మీ ఫైటర్ ఉన్నా కాలతాడు. కాబట్టి ఇనీషియేటివ్‌లో విజార్డ్ ముందొస్తే, ఫైటర్ గుంపులోకి దూకకముందే స్పెల్ వేసేయాలి. వెనకొస్తే, ఒక టర్న్ తలుపు దగ్గరే ఆగమని ఫైటర్‌కి ముందే చెప్పి ఉంచాలి.