పోటీ పరీక్షల ప్రత్యేకం: కుప్పం నుంచి కోలారు బంగారు గనుల దారి

ముంబయి కామాటిపురకు ఆ పేరు కూలిపనికి వలసొచ్చిన తెలుగు కామాటీల వల్ల వచ్చింది. ఫోరస్ రోడ్డు తెలుగు చాళ్లలో చదువుకునే పిల్లలకు వలస కష్టం కొత్త కాదు. వలస కూలీలతో నడిచిన కోలారు గనుల కథ వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

కుప్పం నుంచి గుడుపల్లె మీదుగా గుట్టలు చూస్తూ వెళ్తే చిగురుగుంట గని ప్రాంతం, సరిహద్దు దాటితే కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు). అక్కడి మారికుప్పం, చాంపియన్ రీఫ్, రాబర్ట్‌సన్‌పేట పేర్లు గుర్తుంచుకోండి. ఊరి పక్కన కొండల్లా కనిపించేవి సైనైడ్ దిబ్బలు, బంగారం తీశాక మిగిలిన మట్టి.

1880లో జాన్ టేలర్ కంపెనీ తవ్వకాలు చేపట్టింది. 1902లో కావేరిపై శివనసముద్రం నుంచి కరెంటు బెంగళూరు కన్నా ముందు ఇక్కడికే వచ్చింది! పరీక్షలో తరచూ తప్పు రాసేది ఇదే. చాంపియన్ రీఫ్ లోతు 3 కిలోమీటర్లకు పైనే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.