దేవుని పొలము

పాఠ్యభాగము: 1 కొరింథీయులకు 15:20–23, 35–44

సమాధుల దొడ్డి అనగానే భయమును అశుభమును తలంచువారు అనేకులు. జర్మనీ దేశపు సాక్సనీ ప్రాంతమునందలి హెర్న్‌హూట్ సంఘస్థులైతే ఆ స్థలమును తమ భాషలో ‘దేవుని పొలము’ అని పిలుచుచున్నారు. పొలములో విత్తనము పడునట్లు దేహము మట్టిలో ఉంచబడుచున్నది. దానిని లేపువాడు దేవుడే.

మొరేవియాలో విశ్వాసము నిమిత్తము హింసలకు గురియైన కొందరు 1722లో కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్‌గారి భూమిలో ఆశ్రయము పొంది, ఈ గ్రామమును కట్టుకొనిరి. 1730లో హూట్‌బర్గ్ అను గుట్ట వాలున సమాధుల స్థలమును ఏర్పరచుకొనిరి. దాని ద్వారముమీద వెలుపలి ప్రక్కను క్రీస్తు మృతులలోనుండి లేచెననియు, లోపలి ప్రక్కను ఆయన నిద్రించినవారిలో ప్రథమఫలమాయెననియు తెలుపు వ్రాతలున్నవి.

లోపల నేలమీద పరచిన రాళ్లన్నియు ఒకే తీరున నుండును. పురుషులు ఒక ప్రక్కను, స్త్రీలు మరియొక ప్రక్కను, మరణించిన వరుసను బట్టి ఉంచబడుదురు. కుటుంబమునకు ప్రత్యేక స్థలము లేదు, సంఘమే కుటుంబము. రాయి చిన్నదైనను ఆ బ్రదుకు మరువబడలేదు. సహోదర సహోదరీలు తమ జీవితమును, అందులో దేవుడు చేసిన కార్యములను వ్రాసియుంచగా, సమాధి కార్యక్రమమున దానిని చదువుట అచ్చటి ఆచారము.

అయినను జిన్‌జెన్‌డార్ఫ్‌గారు 1760లో మరణించినప్పుడు, ఆయనకును ఆయన కుటుంబమువారికిని ఎత్తైన సమాధులు మధ్యభాగమున కేటాయింపబడెను. మనుష్యుల హెచ్చుతగ్గులను మరచుట ఆ భక్తులకు సహితము సులభము కాలేదు.

1732 ఈస్టరునాడు యౌవనస్థులైన సహోదరులు తెల్లవారకముందే ఆ గుట్టకు వెళ్లి పునరుత్థాన కీర్తనలు పాడిరి. సమాధులయొద్ద సూర్యోదయ ఆరాధన చేయు ఆచారము మొరేవియన్ సంఘములలో నేటికిని నిలిచియున్నది. ఆ సంవత్సరమే ఇద్దరు సహోదరులు బానిసలకు సువార్త చెప్పుటకై వెస్టిండీసునకు బయలుదేరిరి. అమెరికాలోని బెత్లెహేమునందు 1742లో ఆ సంఘస్థులు ఏర్పరచిన సమాధుల స్థలములో ఐరోపావారితోపాటు ఆ దేశపు ఆదివాసి విశ్వాసులును, ఆఫ్రికా సంతతివారును పరుండియున్నారు. 2024 జూలైలో ఢిల్లీ నగరమున జరిగిన యునెస్కో సమావేశమందు హెర్న్‌హూట్, బెత్లెహేము గ్రామములు ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చబడెను.

ఈ చరిత్ర మన దేశపు సంఘములను ఒక ప్రశ్న అడుగుచున్నది. ఒకే బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొందినవారు, కొన్నిచోట్ల నేటికిని కులమును బట్టి వేరువేరు మట్టిలో పాతిపెట్టబడుచున్నారు. ధనికుని పాలరాతి కట్టడము ప్రక్కను బీదవాని మట్టిదిబ్బ ఆనవాలు లేక పోవుచున్నది. ప్రభువు బూర ధ్వనించునాడు ఏ గోడ ఎవరిని వేరుచేయగలదు? ఆ దినమున కూలిపోవలసిన గోడను నేడే తీసివేయుట విశ్వాసుల విధి.

ఆలోచించుడి:
1. మీ సంఘ సమాధుల స్థలము పునరుత్థాన నిరీక్షణను చాటుచున్నదా, మనుష్యుల అంతస్తును చాటుచున్నదా?
2. గలతీయులకు 3:28 అచ్చట ఎట్లు నెరవేరవలెను?
3. ఆనవాలు లేని సమాధులలోనున్నవారి సాక్ష్యమును వ్రాసియుంచుటకు ఎవరు పూనుకొనవలెను?